నాటిన గిటారు

కొత్తరేవు ఊళ్లో చెట్లు తక్కువ, చెట్లను కాపాడే ఆఫీసులు ఎక్కువ. ఉన్న నాలుగు చెట్లూ ఆ ఆఫీసుల ఆవరణల్లోనే ఉన్నాయి గనక వాటిని ఎవరి బారి నుంచి కాపాడుతున్నారో ఆఫీసుల వాళ్లకే తెలియాలి. ఈ ఆఫీసులన్నిట్లోకీ పెద్దది ‘వృక్ష రక్షణ, గణన మరియు చలన నియంత్రణ శాఖ’. ఆ పేరు పూర్తిగా పలికేలోపు గొడ్డలి పట్టినవాడు పని ముగించుకుని ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుంటాడు గనక జనం దాన్ని చెట్లాఫీసు అంటారు. చెట్టు ఎటూ కదలదు కదా, దానికి చలన నియంత్రణ దేనికని కొందరు అడిగారు. కదలకపోవడం తమ నియంత్రణ వల్లనేనని శాఖ వారు జవాబిచ్చారు.

ఆ ఊళ్లోనే, పెద్ద చర్చికి ఎదురుగా, సమర్పణరావు గిటార్ల కొట్టు ఉంది. యాభై దాటిన మనిషి. చుట్టుపక్కల ఏ చర్చిలో ఏ గిటారు గొంతు పోయినా ఆయన దగ్గరికే తెస్తారు. గిటార్ల తంతులు సవరించుకుంటూ బతుకుతున్న ఆ మనిషి ఆఫీసుల తంతులో ఎలా పడ్డాడన్నదే ఈ కథ.

మిషను బంగళా పడగొట్టి సామాను వేలం వేసినప్పుడు ఆయన ఒక పాత భోజనాల బల్ల కొన్నాడు. బల్ల మొత్తం ఇరుగుడు కర్ర. షాపుల వాళ్లు రోజ్‌వుడ్డని నోరు గుండ్రంగా చుట్టి పలికేది దీన్నే. ఇంటికి తెచ్చిన మర్నాడే రంపం తీశాడు.

“శుభ్రంగా తినే బల్లని కోసేసి వినే బల్ల చేత్తారేటండీ?” అంది భార్య మార్తమ్మ.

“దొరలు తిన్నారు చాల్లే. మనం విందాం” అన్నాడు సమర్పణరావు.

అన్నట్టే చేశాడు. ఇన్నేళ్లలో చేసినవన్నీ ఒక ఎత్తు, ఈ గిటారు ఒక ఎత్తు. తీగ మీటి వదిలేస్తే, మీటినవాడు ఆ సంగతి మర్చిపోయాక కూడా అది మోగుతూనే ఉండేది. చేసింది కూతురి కోసం. కూతురు కెజియా వైజాగ్‌లో పిల్లలకు సంగీతం చెబుతుంది. గిటారు మీద క్రైస్తవ కీర్తనలూ, కర్ణాటక కీర్తనలూ రెండూ అవే వేళ్లతో వాయిస్తుంది. ఏ దేవుడూ ఇంతవరకూ అభ్యంతరం చెప్పలేదు. క్రిస్మస్‌కి ముందు వైజాగ్‌లో ఆమె మొదటి సోలో కచేరీ. “మా నాన్న చేసిన గిటారుతోనే వాయిస్తాను” అని ఆహ్వానాల మీద కూడా అచ్చేయించింది.

వానలు వెలవగానే సమర్పణరావు గిటారును దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వైజాగ్ బస్సెక్కాడు.

ఊరి పొలిమేరలో చెట్లాఫీసు వారి చెక్‌పోస్టు. బీటు ఆఫీసరు గంగులు బస్సులోకి ఎక్కాడు. సంగీతంలో బీటు తప్పితే పాట పోతుంది, చెట్లాఫీసులో బీటు తప్పితే పోస్టు పోతుంది. అంచేత గంగులు జాగ్రత్తగా ఉంటాడు.

“దుప్పట్లో ఏటండీ?”

“గిటారయ్యా.”

“ఏం కర్రండీ?”

అక్కడ ‘ఏదో కర్రలే’ అని కిటికీ వైపు తిరిగితే ఈ కథ లేదు. కానీ సమర్పణరావును బతుకులో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఎంత అని అడిగారు, ఎప్పుడిస్తావని అడిగారు, ఏం కర్ర అని ఒక్కడూ అడగలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

“అచ్చమైన ఇరుగుడయ్యా! ఇదిగో, ఈ చార చూడు, పులిచారలా లేదూ? ఇటు రా, విను” అని వేలి కణుపుతో గిటారు వీపు మీద కొట్టాడు. బస్సంతా విన్నది. డ్రైవరు కూడా ఇంజను ఆపి విన్నాడు.

“శానా బాగుందండీ” అన్నాడు గంగులు. “దిగండి.”

చెట్లాఫీసు రేంజరు పత్రి నీలకంఠంగారు. మనిషి చిన్న, మాట రేంజి పెద్ద. ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియదు గానీ ఆఫీసు గడప దాటి లోపలికొస్తే ఆయన నోటివెంట వచ్చేవన్నీ ఉత్తర్వులే.

“రక్షిత దారు చలన నియమావళి మేరకు, ఇరుగుడు జాతికి చెందిన ఏ వస్తువునైనను ఊరి ఎల్ల దాటించుటకు అనుమతి అవసరమై యున్నది.”

“ఇప్పించండి మరి.”

“ఇచ్చుటకు అభ్యంతరము లేదు. ముందుగా ఈ వస్తువు ఏ వర్గమునకు చెందునో నిర్ధారించవలెను. నియమావళిలో గిటారు లేదు.”

“పోనీ కుర్చీలూ బల్లల్లో కలిపేయండి. మొన్నటిదాకా ఇది బల్లేనండి.”

“దీనిపై కూర్చొనవచ్చునా?”

“అమ్మో! విరిగిపోద్దండి.”

“శయనించవచ్చునా?”

“లేదండి.”

“కూర్చొనుటకును, శయనించుటకును పనికిరానిది గృహోపకరణము కానేరదు.”

ఆ లెక్కన ఆ రెండు పనులకే పనికొస్తున్న ఈ ఆఫీసు మొత్తం గృహోపకరణమేనని సమర్పణరావుకు తోచింది. అనుమతి కావలసిన మనిషి గనక పైకి అనలేదు.

రేంజరుగారు గిటారు మీదకు వంగారు. “ఇవి ఏమి?”

“తీగలండి. ఆరుంటాయి.”

“తీగలా! తీగజాతి యని ముందే చెప్పవేమి?”

“అబ్బే, పాకే తీగలు కాదండి. ఉక్కు తీగలు.”

“మరి ఈ అడ్డముగా నున్నవి?”

“మెట్లండి.”

“మెట్లున్నచో కట్టడము. మునిసిపాలిటీ వారి పరిధి.”

గంగులు ఆశగా గిటారును చంకనెత్తుకున్నాడు. “మునిసిపాలిటీకి పంపేద్దామాండీ?”

“ఆగుము. కప్పు లేదు. కప్పు లేనిది కట్టడము కాదు.” రేంజరుగారు కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించారు. తెరిచేసరికి నిర్ణయం అయిపోయింది. “తయారైన వస్తువుల జాబితాలో లేనిచో మూలరూపమే ప్రమాణము. ఇరుగుడు యొక్క మూలరూపమేమి? చెట్టు. కావున ఇది చెట్టు. గంగులూ, రొమ్ము ఎత్తున చుట్టుకొలత తీయుము.”

చెట్లను ఎక్కడపడితే అక్కడ కొలవరు. మనిషి రొమ్ము ఎత్తున టేపు చుట్టి కొలవాలని శాఖలో ఆచారం. గంగులు గిటారును నేల మీద నిలబెట్టాడు. అది అతని నడుం దాటలేదు. అయినా ఆచారం ఆచారమే గనక రొమ్ము ఎత్తున టేపు పట్టి, గాలి చుట్టూ తిప్పి, “సున్నా అండీ” అన్నాడు.

“రొమ్ము ఎత్తు రానిది చెట్టు కాదు” అన్నారు నీలకంఠంగారు, అంతా ఊహించినట్టే. “మొక్క. రక్షిత జాతికి చెందిన ఇరుగుడు మొక్క. మొక్కను ఎల్ల దాటించుట నిషిద్ధము. చెట్టగు పర్యంతము శాఖ సంరక్షణలో నుండవలెను.”

“చెట్టవ్వడానికి ఎన్నాళ్లు పడుద్దండీ?” అన్నాడు సమర్పణరావు నీరసంగా.

“ఇరుగుడు నిదానపు జాతి.” రేంజరుగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. “తమరికి వయసున్నదిగా.”

ఆఫీసు వెనక శాఖ వారి ఇరుగుడు వనం ఉంది. వనమంటే ఒక బోర్డు. బోర్డు వెనకాల వరసలు వరసలుగా ఇనుప బోనులు, బోనుల్లో ఎండుపుల్లలు. ప్రతి పుల్లా ఒకనాడు ఎవరో ఒక ముఖ్య అతిథి నవ్వుతూ నాటిన మొక్కే. ఆఫీసు గోడకున్న ఫొటోల్లో ఆ మొక్కలన్నీ ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి.

నాటేటప్పుడు మూడోవంతు మట్టిలోకి పోవాలన్నారు రేంజరుగారు. సమర్పణరావు గోతికి అడ్డంగా పడుకున్నాడు. మనిషిని నాటడానికి నియమావళిలో వీల్లేదు గనక చర్చలు జరిగాయి. చివరికి గిటారును పొడి ఇసక పోసిన కుండీలో నిలబెట్టి, కుండీని బోనులో పెట్టి, బోనుకు తాళం వేశారు. ఎన్నడూ తాళం తప్పని వాద్యానికి ఆ విధంగా తాళం పడింది.

సాయంత్రానికి గంగులు బకెట్టుతో వచ్చాడు.

“ఆగవయ్యా! తడిస్తే చచ్చిపోద్ది!”

“నీళ్లు పోయకపోతే మొక్క సచ్చిపోద్దండి. పోత్తే మీది సచ్చిపోద్ది. నన్నేం చెయ్యమంటారు? పోనీ, ఏళ్ల దగ్గర పోత్తాను. ఏళ్లు ఎక్కడుంటాయండీ దీనికి?”

“దీనికి వేళ్లుండవయ్యా. వేళ్లు మా అమ్మాయికున్నాయి. ఆ వేళ్లు తగిల్తేనే ఇది బతుకుద్ది.”

గంగులు తల గోక్కున్నాడు. మనసున్న మనిషి. నీళ్లు బోనులోనే, కుండీకి అవతల పోసి, మొక్కకు పోసినట్టు రాసుకున్నాడు. ఆ పూట నుంచి సమర్పణరావుకు కొట్టు లేదు, ఇల్లు లేదు. పొద్దున్నా సాయంత్రం బోను దగ్గర కాపలా. మంచు పడుతుందని గిటారుకు రబ్బరు కోటు తొడిగితే, కిరణజన్య సంయోగక్రియకు ఆటంకమని రేంజరుగారు విప్పించారు. వెలుతురు లోపలికి పోయే పాలిథీన్ సంచీకి మాత్రం, ఎంతో ఆలోచించి, ఒప్పుకున్నారు.

ఊళ్లో తలెత్తుకోలేని పరిస్థితి మార్తమ్మది. “సంఘంలో అందరూ అడుగుతున్నారండీ, మీ అమ్మాయి గిటారు పంపేరా అని. ఏం చెప్పాలి? నాటేమండీ, ఇంకా కాపుకి రాలేదండీ అని చెప్పాలా?”

కచేరీ దగ్గరపడుతుండగా కెజియా స్వయంగా దిగింది. బోను చుట్టూ ఒక చుట్టు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏం నాన్నా, పూత పట్టిందా?”

“నవ్వకే.”

“నవ్వడం లేదు. పక్క బోనులో ఒక తబలా నాటుకుందామా? జోడీగా పెరుగుతాయి.” అంటూనే ఇనుప వల కన్నాల్లోంచి రెండు వేళ్లు పోనిచ్చి తీగ మీటింది. మీటగానే మొహంలో వేళాకోళం పోయింది. తీగ వదులైంది సరే, అది మామూలే. దాని వెనక కర్ర జీరగా పలికింది. చెమ్మ లోపలికి దిగుతోంది.

“ఇంకో నెల ఇక్కడే ఉంటే అతుకులు వదిలేస్తాయి నాన్నా” అంది నెమ్మదిగా. “వేరే గిటారు తీసుకుని వాయించెయ్యనా?”

సమర్పణరావు ఆమె మీటిన చోట తీగ వణుకు ఆగేదాకా చూస్తూ ఉండిపోయాడు. ఆగాక లేచి తిన్నగా రేంజరుగారి గదిలోకి వెళ్లాడు.

“అయ్యా, మొక్క చచ్చిపోయిందని రాసెయ్యండి. ఎండుకట్టె కింద నేను పట్టుకుపోతాను.”

నీలకంఠంగారు దిగ్గున లేచి, తామే స్వయంగా వెళ్లి తలుపు మూశారు. వెనక్కి తిరిగేసరికి ఆయన భాష మారిపోయింది.

“నెమ్మదిగా మాట్లాడవయ్యా బాబూ! ఆ వనంలో పోకుండా ఉన్నది నీ మొక్క ఒక్కటే. ఎండకి ఎండలేదు, మేక తినలేదు, చెద పట్టలేదు. ఎన్నాళ్ల నుంచో పైవాళ్లు ఎన్ని బతికాయని అడుగుతుంటే ‘నివేదిక తయారగుచున్నది’ అని నెట్టుకొస్తున్నాను. మొన్ననే ధైర్యం చేసి, బతికింది, బ్రహ్మాండంగా బతికింది అని రాశాను. ఇప్పుడది కూడా చచ్చిందని రాస్తే నన్ను నాటేస్తారు!”

అంతలో తాను ఎవరో గుర్తొచ్చి కోటు సర్దుకున్నారు. “కావున తమ విన్నపము తిరస్కరించడమైనది.”

బయట మెట్ల మీద కూలబడ్డ సమర్పణరావు పక్కన గంగులు వచ్చి కూర్చుని బీడీ వెలిగించాడు.

“మొక్క సావకూడదండి. కానీ మారొచ్చు.”

“అంటే?”

“గ్యాపు ఫిల్లింగు అంటామండి. ఎక్కడైనా మొక్క పోయిందనుకోండి, పెద్దోళ్లు చూడ్డానికొచ్చేలోగా దాన్ని పీకేసి అదే గోతిలో ఇంకోటి ఎట్టేత్తాం. లెక్కలో మాత్రం పాతదే. ఇది మా తాతల నాటి పద్ధతండి. తీసేసిందేమో ఎండుకట్టె. తలమోపు ఎండుకట్టెకి పర్మిట్టు అక్కర్లేదు, పేదోళ్ల కోసమెట్టిన రూలు.”

“అయితే బస్సులో పట్టుకుపోవచ్చా?”

“భలేవారే. బస్సెక్కితే కలప అయిపోద్దండి. నెత్తినెడితేనే కట్టె.”

ఇద్దరూ కలిసి రేంజరుగారికి విన్నవించారు. ఆయన సమర్పణరావు వంక గానీ గంగులు వంక గానీ చూడలేదు. సీలింగు ఫ్యానుతో, “చోటు మాత్రము ఖాళీగా నుండరాదు” అన్నారు.

కొట్టు వెనక పడున్న ప్లైవుడ్డు ముక్కలతో సమర్పణరావు ఒక గిటారు ఆకారం చేసి, టీ డికాషన్ రాసి ఇరుగుడు రంగు తెప్పించాడు. దానికి శబ్దం లేదు. అవసరమూ లేదు, మొక్క కదా. బోను తాళం తీయడం, పాతదాన్ని లాగడం, కొత్తదాన్ని నిలపడం గంగులు చేతుల మీదుగా అలవాటైన పనిలా జరిగిపోయాయి.

కెజియాను ముందే వైజాగ్ బస్సెక్కించి, మర్నాడు పొద్దుటే సమర్పణరావు లుంగీ ఎగగట్టి, తలపాగా చుట్టి, కట్టెల మోపు నెత్తికెత్తుకున్నాడు. చుట్టూ సరుగుడు, నడుమ ఇరుగుడు. వెనకాల మార్తమ్మ, ఆయన ప్యాంటూ చొక్కా ఉన్న సంచీతో. చెక్‌పోస్టు దగ్గర వేరే బీటు ఆఫీసరు, కొత్త కుర్రాడు, ఈల ఊదాడు. సమర్పణరావు ఆగాడు. ఆగిన కుదుపుకి మోపులోంచి ‘టంయ్’మని మోగింది.

“కట్టెలు మోగుతున్నాయేంటి?”

“బాగా ఎండాయి బాబూ” అన్నాడు సమర్పణరావు.

కుర్రాడు మోపు చుట్టూ తిరిగాడు. నెత్తి మీదే ఉంది. మనిషి కాళ్ల మీదే ఉన్నాడు. రూలు ప్రకారం లోపం లేదు. “దేనికివి?”

“వైజాగ్‌లో మా అమ్మాయి ఉంది బాబూ. దానికే.”

“పొయ్యిలోకి వైజాగ్ దాకా కట్టెలా?”

“గ్యాసు పడదు బాబూ దానికి” అంది మార్తమ్మ వెనక నుంచి. పాస్టరుగారు వింటే ఏమనేవారో గానీ, గేటు మాత్రం లేచింది.

ఎల్ల దాటి మలుపు తిరిగాక ఆయన మోపు దించి, పుల్లలు పారేసి, గిటారు తీసి, ఒడిలో పెట్టుకుని రోడ్డు పక్కనే కాసేపు కూర్చున్నాడు. గిటారు మెడ దగ్గర రెండు వేళ్లంత మేర చెమ్మ మరక. అతుకులు పట్టి ఉన్నాయి. “లెండి, బస్సొచ్చేత్తంది” అని మార్తమ్మ రెండుసార్లు అనాల్సొచ్చింది.

కచేరీ రోజున సమర్పణరావు వెనక వరసలో కూర్చున్నాడు. కెజియా మొదటి కీర్తన ఎత్తుకుంది. జీర ఎక్కడైనా వినపడుతుందేమోనని ఆయన చాలాసేపు చెవులు రిక్కించుకుని, పని చేసిన మనిషిలా విన్నాడు. వినపడలేదు. తర్వాత తండ్రిలా విన్నాడు. చివర్లో ఆమె చెయ్యి ఎత్తేశాక కూడా తీగ ఇంకా పలుకుతూనే ఉంది. హాల్లో అది పూర్తిగా ఆగేదాకా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ సంతోషంతో ఊరికొచ్చి కొట్టు తెరిచేసరికి చెట్లాఫీసు జీపు వాకిట్లో ఉంది.

“ప్రధాన వృక్షాధికారిణి డాక్టర్ కాదంబినిగారు వనము సందర్శించుచున్నారు” అన్నారు నీలకంఠంగారు. చలికాలంలో చెమటలు తుడుచుకుంటున్నారు. “మొక్క దాతగా తమరుండవలెను.”

బోను ముందు షామియానా వేశారు. కాదంబినిగారు ఒక శాస్త్రవేత్తను వెంటబెట్టుకుని వచ్చారు. ఆమెది సన్నటి కళ్లజోడు, సన్నటి గొంతు.

“ఆకులేవి?”

“ఆకురాలు కాలమండి” అన్నారు రేంజరుగారు.

“కొమ్మలు?”

“ఆకృతి కొరకు కత్తిరించడమైనదండి.”

“కొలవండి.”

గంగులు టేపు తీశాడు. రొమ్ము ఎత్తున కాదు, మొక్క గనక నడుం దగ్గర. కొలిచాడు, కళ్లు నులుముకున్నాడు, మళ్లీ కొలిచాడు. “మొన్నటి కొలత కన్నా మూడంగుళాలు పెరిగిందండీ!”

పెరిగిన మాట నిజం. ఈసారి అడ్డం పడుకునేవాడు లేడు గనక గంగులు కొత్త మొక్కకు రెండు పూటలా మనస్ఫూర్తిగా నెత్తి మీద నుంచే నీళ్లు పోశాడు. ప్లైవుడ్డు పూరీలా పొంగింది. షామియానా కింద చప్పట్లు మోగాయి. ఆ వనం పుట్టాక అక్కడ ఏదైనా పెరగడం అదే మొదటిసారి.

శాస్త్రవేత్త బోనులోకి దూరి అంచు దగ్గర గోటితో గీకాడు. తడికి అంచు విచ్చుకుని పొరలు పొరలుగా లేచి ఉంది. “మేడమ్! వార్షిక వలయాలు!” అని అరిచాడు. “ఒకటి, రెండు, మూడు... ఏడు!”

“నాటి ఎన్నాళ్లయింది?”

“వానలు వెలిసిన పిదపనండి.”

“అప్పటికీ ఇప్పటికీ ఏడేళ్ల పెరుగుదల!” కాదంబినిగారు కళ్లజోడు తీశారు. “ఇరుగుడు ఇంత జోరుగా పెరగదే. ఇది ఇరుగుడు కాదు. ఏ జాతి?”

నీలకంఠంగారు గంగులు వంక చూశారు. గంగులు సమర్పణరావు వంక చూశాడు. సమర్పణరావు పక్కకి చూశాడు, కానీ పక్కన ఎవరూ లేరు. కట్టెలన్న అబద్ధమే ఇంకా ఆయన గొంతులో పుల్లలా గుచ్చుకుంటోంది. రెండోది ఆడబుద్ధి కాలేదు.

“ప్లైవుడ్డండి” అన్నాడు.

రేంజరుగారు దగ్గర్లో ఉన్న బోనును పట్టుకున్నారు.

“ప్లై...?” అన్నారు కాదంబినిగారు.

“వుడ్డండి.”

ఆమె శాస్త్రవేత్త వైపు తిరిగారు. ఆయన తన పట్టిక ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. “రక్షిత జాతుల్లో లేదు మేడమ్. కానీ రోజ్‌వుడ్డు ఉంది, శాండల్‌వుడ్డు ఉంది. ప్లైవుడ్డు ఉండకపోవడానికి కారణం కనిపించడం లేదు. ఆ కుటుంబమే.”

“అడవుల్లో ఎక్కడైనా కనిపించిందా?”

“ఎక్కడా లేదు మేడమ్. ఒక్క చెట్టు కూడా లేదు.”

“అంటే ప్రకృతిలో అంతరించిపోయింది.” కాదంబినిగారు కళ్లజోడు తుడుచుకున్నారు. “మిగిలింది ఇదొక్కటే. తక్షణం రక్షిత జాతిగా ప్రకటించండి. ఇంకెక్కడైనా ఒక్క మొక్కయినా ఉంటే వెతికి పట్టుకోండి.”

“వెతకడం ఎందుకండీ” అన్నాడు గంగులు, సాయం చేద్దామనే. “ఈరి కొట్టు నిండా అదేనండి.”

సాయంత్రంలోగా పని అయిపోయింది. సమర్పణరావు కొట్టు ప్లైవుడ్డు జాతి యొక్క ఏకైక సహజ ఆవాసంగా గుర్తింపబడింది. చుట్టూ ముళ్లకంచె వేశారు. బాగుచేయడానికి జనం ఇచ్చిన గిటార్లన్నిటికీ సంఖ్యలు వేసి, గోడకు వేలాడుతున్నవాటిని ‘గుబురు’ అనీ, నేల మీదున్నవాటిని ‘పొద’ అనీ నమోదు చేశారు. రంపం, ఉలి, చిత్రిక ‘ఆయుధాలు’ కింద జీపెక్కాయి. కంచె మీద బోర్డు పెట్టారు: రక్షిత అటవీ ప్రాంతము, ప్రవేశము నిషిద్ధము. ఊళ్లో ప్లైవుడ్డు బీరువాలున్నవాళ్లు తలుపులు వేసుకున్నారు.

“మరి మేమెలా బతకాలండీ?” అంది మార్తమ్మ.

నీలకంఠంగారు ప్రమోషను ఉత్తర్వుతో కళకళ్లాడుతున్నారు. “దిగులు వలదు. తమను వనవాసులుగా గుర్తించడమైనది. రాలిన పుల్లలను ఏరుకొను హక్కు తమకు కలదు.”

“ఆ లోపల ఏం రాలతాయండీ? మేకులా?”

“ఆ విషయము పరిశీలనలో నున్నది.”

ఇప్పుడు సమర్పణరావు కంచె బయట స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఎవరైనా గిటారు పట్టుకుని అటుగా వస్తుంటే దూరం నుంచే చెయ్యూపి వెళ్లిపొమ్మంటాడు. గంగులును అక్కడికే బదిలీ చేశారు. చెట్లకు నీళ్లు పోయడం, అడవిలో వినిపించే పక్షుల కూతలు రాసుకోవడం అతని డ్యూటీ.

ఈస్టరు దగ్గరకొచ్చింది. కెజియా ఫోను చేసింది.

“నాన్నా, వచ్చే వారం వచ్చేస్తున్నా. గిటారు తెస్తున్నా. ఈస్టరు ఆరాధనలో మన చర్చిలో వాయిస్తాను.”

“నువ్వు రా తల్లీ. దాన్ని మాత్రం అక్కడే ఉంచు.”

“అదేంటి? మన ఊరివాళ్లు ఒక్కసారి కూడా వినలేదు కదా!”

“వింటే మెచ్చుకుంటారమ్మా. మెచ్చుకుంటే పైవాళ్లకి తెలుస్తుంది. పైవాళ్లకి తెలిస్తే నాటేస్తారు.”

అవతల ఫోను ఎక్కడో ఆనించిన చప్పుడు. ఆ వెంటనే, ఏమీ చెప్పకుండా, కెజియా వాయించడం మొదలుపెట్టింది. సమర్పణరావు చెవి నుంచి ఫోను దించి, స్పీకరు పెట్టి, ఒళ్లో పెట్టుకున్నాడు. మార్తమ్మ చేస్తున్న పని వదిలేసి వచ్చి కంచె స్తంభానికి ఆనుకుంది. లోపల గోడకు వేలాడుతున్న గుబురు కింద గంగులు చేతిలో బకెట్టు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

పాట అయ్యాక అతను నెమ్మదిగా కంచె దగ్గరికొచ్చి జేబులోంచి పెన్సిలు తీశాడు.

“కూత ఇనపడితే రాయాలండి. ఏం పిట్టని రాయమంటారు?”

“వలస పిట్టని రాయి.”

“మళ్లీ ఎప్పుడొత్తదండీ?”

సమర్పణరావు బోర్డు వంక చూశాడు. “మీ కంట పడనంతకాలమే బతుకుద్దయ్యా అది. ఆ మాట మాత్రం రాయకు.”

గంగులు రాయలేదు. ‘వలస పిట్ట, కనపడలేదు’ అని రాశాడు. పక్కనే ‘కూత శానా బాగుంది’ అని రాసి, అది రూలుకి విరుద్ధమేమోనని అనుమానం వచ్చి, కొట్టేశాడు.